వచ్చిన స్టేటస్, వెంటపడిన స్టేటస్

ఏటా నవంబరు ఆఖరుకి, తరచూ విమానాల్లో తిరిగేవాళ్లకి విమాన సంస్థ క్లబ్బు నుంచి ఒక మెయిలు వస్తుంది. గోల్డ్ స్టేటస్‌కి మీరు ఇంకెంతో దూరంలో లేరని, ఇంకో రెండు ప్రయాణాలు చేస్తే చాలని దాని సారాంశం. ఆ మెయిలు చదివి అవసరం లేని టికెట్ కొన్నవాళ్లు నాకు చాలామందే తెలుసు. శనివారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి, ఊళ్లోకి అడుగైనా పెట్టకుండా రాత్రికి తిరిగొచ్చేస్తారు. వాళ్లు లెక్క తెలియనివాళ్లు కారు. ఆఫీసులో కోట్ల రూపాయల ప్రాజెక్టుల బడ్జెట్లు చూసేవాళ్లే. వారమంతా ఇంటికి దూరంగా ఉన్న మనిషి, ఉన్న ఒక్క శనివారాన్నీ ఒక కార్డు రంగు కోసం ఇచ్చేస్తుంటే చూడటం నాకు కష్టంగా ఉంటుంది. ఈ అధ్యాయం రాయడానికి అదే కారణం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చేయక తప్పని ప్రయాణాల వల్ల స్టేటస్ దానంతటది వస్తే, దాన్ని చివరి బొట్టు దాకా వాడుకోండి. దాని కోసం ఒక్క ప్రయాణం కూడా చేయకండి, ఒక్క టికెట్‌కి కూడా ఎక్కువ డబ్బు పెట్టకండి. పెట్టాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. విమాన సంస్థల క్లబ్బుల్లో రెండు ఖాతాలు నడుస్తాయి. ఒకటి, ఖర్చుపెట్టుకునే పాయింట్లు: వాటితో టికెట్ కొనుక్కోవచ్చు. రెండోది, స్టేటస్ లెక్కకి మాత్రమే పనికొచ్చే పాయింట్లు. వీటితో ఏమీ కొనలేం, ఏడాది తిరిగేసరికి మళ్లీ సున్నా దగ్గర మొదలవుతాయి. చాలామంది మొదటిదాని విలువ చూసి రెండోదాని వెంట పడతారు.

ఈ పద్ధతి పుట్టింది అమెరికాలో. 1978లో అక్కడి ప్రభుత్వం విమాన ఛార్జీల మీద, రూట్ల మీద ఉన్న నియంత్రణ ఎత్తేసింది. ఎవరు ఎక్కడికైనా ఎంతకైనా నడపొచ్చు అనేసరికి పోటీ ముదిరింది. ప్రయాణికుణ్ణి తమ దగ్గరే ఉంచుకోవడానికి 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 'అడ్వాంటేజ్' మొదలుపెట్టింది. కొద్ది రోజులకే యునైటెడ్ 'మైలేజ్ ప్లస్' వచ్చింది. అప్పట్లో లెక్క సూటిగా ఉండేది: ఎన్ని మైళ్లు తిరిగితే అన్ని మైళ్లు. తర్వాత బ్యాంకులు రంగంలోకి దిగాయి. క్రెడిట్ కార్డులు వాడేవాళ్లకి ఇవ్వడానికి విమాన సంస్థల దగ్గర మైళ్లు టోకున కొనడం మొదలుపెట్టాయి. ఆ వ్యాపారం ఎంత పెరిగిందంటే, 2020లో కోవిడ్ దెబ్బకి విమానాలు నేల మీదే ఉండిపోయినప్పుడు యునైటెడ్ తన మైలేజ్ ప్లస్‌నే తాకట్టు పెట్టి 6.8 బిలియన్ డాలర్ల అప్పు తెచ్చుకుంది. అప్పుడు ఆ క్లబ్బుకి కట్టిన విలువ దాదాపు 22 బిలియన్ డాలర్లు. స్టాక్ మార్కెట్లో ఆ రోజుల్లో మొత్తం కంపెనీ విలువ అంతకన్నా తక్కువ. మీకొచ్చే ఆ నవంబరు మెయిలు వెనక ఇంత పెద్ద వ్యాపారం ఉంది.

ఆ వ్యాపారం గత కొన్నేళ్లలో నియమాలు మార్చేసింది. ఎంత దూరం వెళ్లారన్నది పక్కకి పోయింది, ఎంత డబ్బు పెట్టారన్నది ముందుకొచ్చింది. డెల్టా 2023 సెప్టెంబరులో స్టేటస్ మొత్తాన్ని ఖర్చు మీద ఆధారపడేలా మారుస్తున్నట్టు ప్రకటిస్తే, ప్రయాణికులు గట్టిగా తిరగబడ్డారు. నెల దాటేసరికి కొంత వెనక్కి తగ్గింది గానీ ఖర్చు లెక్క మాత్రం అలాగే నిలిచింది. మన ఎయిర్ ఇండియా 2024లో అదే దారి పట్టింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2025 ఏప్రిల్ 1న తన క్లబ్బు పేరుతో పాటు లెక్కనీ మార్చింది.

దీనివల్ల ఎక్కువ నష్టపోయింది మన కుటుంబాలే అని నా అభిప్రాయం. డాలస్‌లో ఉండే నలుగురున్న తెలుగు కుటుంబాన్ని తీసుకోండి. వేసవి సెలవుల్లో ఒక్కసారి హైదరాబాద్ వస్తారు. మనిషికి 1,500 డాలర్లు అనుకుంటే 6,000 డాలర్లు ఆ ఇంటి కార్డు మీద నుంచి పోతాయి. డెల్టాలో అన్నిటికన్నా కింది మెట్టయిన సిల్వర్‌కి ఏడాదికి 5,000 డాలర్ల ఖర్చు చాలు కాబట్టి, తనకి అది వచ్చేస్తుందని ఆ ఇంటాయన అనుకుంటాడు. రాదు. డబ్బు కట్టింది ఎవరైనా లెక్క సీట్లో కూర్చున్నవాళ్ల పేరు మీదే. నలుగురికీ తలా 1,500 పడతాయి, నలుగురూ కింది మెట్టుకి చాలా దూరంలో ఆగిపోతారు. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో అయితే గోల్డ్‌కి 40,000 పాయింట్లు కావాలి. మామూలు సభ్యుడికి ఆ సంస్థ టికెట్ మీద, పన్నులు పోగా, డాలరుకి 5 పాయింట్లు. అంటే 8,000 డాలర్ల టికెట్లు ఒక్క మనిషే తిరగాలి. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ఊరికొచ్చే కుటుంబం స్టేటస్ గురించి ఆలోచించడమే అనవసరం. వాళ్లు పాయింట్లు కూడబెట్టుకోవాలి, అదీ ఇంటిల్లిపాదివీ ఒకే ఖాతాలో కలుపుకోనిచ్చే క్లబ్బులో. ఎమిరేట్స్, ఎయిర్ ఇండియా వంటివి కుటుంబం మొత్తం పాయింట్లు ఒకచోట చేర్చుకోనిస్తాయి. స్టేటస్ లెక్క మాత్రం ఎవరిది వాళ్లదే.

ఇక సౌకర్యాల సంగతి. అన్నిటికీ ఒకే విలువ లేదు.

శంషాబాద్‌లో అర్ధరాత్రి దాటాక చెకిన్ కౌంటర్ల దగ్గర కాసేపు నిలబడండి. గల్ఫ్ మీదుగా అమెరికా వెళ్లేవాళ్లు బారులు తీరి ఉంటారు. కౌంటర్‌కి నాలుగడుగుల దూరంలో ఒక పెద్దావిడ నేల మీద కూర్చుని పెట్టె జిప్పు లాగుతూ ఉంటుంది. తూకం 25.4 చూపించింది, 23 దాటకూడదు. టేపు చుట్టిన ఆవకాయ డబ్బా, గోంగూర పచ్చడి, సున్నుండల పొట్లం, మనవరాలికి కుట్టించిన పట్టులంగా. ఏది తీయాలి? లంగా చేతిసంచీలోకి వెళ్తుంది, పచ్చడి వెళ్లదు, సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. చివరికి ఆవకాయ డబ్బా సాగనంపడానికి వచ్చిన తమ్ముడి చేతుల్లోకి వెనక్కి వెళ్తుంది. అదే సమయంలో పక్క వరసలో ఒకతను మూడో పెట్టె కూడా బెల్టు మీద పెట్టి, రూపాయి కట్టకుండా బోర్డింగ్ పాసు తీసుకుని వెళ్లిపోతాడు.

అదనపు లగేజీ నిజమైన డబ్బు. ఎయిర్ ఇండియా, సింగపూర్ ఎయిర్‌లైన్స్, లుఫ్తాన్సా, యునైటెడ్ ఉన్న స్టార్ అలయన్స్‌లో గోల్డ్ స్థాయి ఉంటే, కిలోల లెక్క ఉన్న రూట్లలో ఇంకో 20 కిలోలు, పెట్టెల లెక్క ఉన్న రూట్లలో ఇంకో పెట్టె ఇస్తారు. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు, కానీ అదీ తన సిల్వర్, గోల్డ్, ప్లాటినం సభ్యులకి అదనపు లగేజీ ఇస్తుంది. దుబాయ్ నుంచి ఏడాదికి రెండు మూడుసార్లు ఇంటికొచ్చే మనిషికి ఇది పెద్ద ఆదా. ఒక్కటే చిక్కు: ఆ అదనం కార్డున్నవాళ్ల సామానుకే. కార్డు కొడుకుది, ప్రయాణం అమ్మది అయితే ఆవిడకి ఒక్క కిలో కూడా పెరగదు. అమ్మానాన్నలు ఒంటరిగా వచ్చిపోయే ఇంట్లో కొడుకు గోల్డ్‌కి లగేజీ విలువ కట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

నా దృష్టిలో లగేజీ కన్నా విలువైనది, ప్రయాణం చెడిపోయిన రోజున దొరికే సాయం. జనవరిలో ఢిల్లీ పొగమంచు తెలిసిందే. రాత్రి హైదరాబాద్ విమానం రద్దయిందని బోర్డు మీద పడగానే కౌంటర్ ముందు వంద మందికి పైగా పోగవుతారు. మర్నాడు పొద్దుటి విమానంలో ఖాళీగా ఉన్నవి పదో పన్నెండో సీట్లు. అవి ఎవరికి వెళ్తాయన్నది ఆ క్షణాన తేలుతుంది. పై మెట్టులో ఉన్నవాడికి వేరే ఫోన్ నంబరు ఉంటుంది, తొందరగా ఎత్తుతారు, వెయిటింగ్ లిస్టులో అతని పేరు ముందుంటుంది. ఎల్లుండి సాయంత్రం ఇల్లు చేరడానికీ రేపు మధ్యాహ్నానికి చేరడానికీ మధ్య ఉన్న తేడాకి రూపాయల్లో విలువ కట్టడం కష్టం. పిల్లల పరీక్ష ఉన్న రోజైతే, ఇంట్లో పెద్దవాళ్లకి ఒంట్లో బాగోలేని రోజైతే ఇంకా కష్టం.

కానీ స్టేటస్ లేనివాళ్లు చేతులు కట్టుకుని నిలబడాల్సిన పని లేదు. వరసలో నిలబడే యాప్ తెరవండి, ఇంట్లోవాళ్ల చేత కాల్ సెంటర్‌కి ఫోన్ చేయించండి, ఏ విమానంలో సీటుందో మీరే చూసి నంబరుతో సహా అడగండి. పైగా కొన్ని హక్కులు కార్డు రంగుతో పని లేకుండా అందరివీ. కన్ఫర్మ్ టికెట్ ఉండి, వేళకి వచ్చినా సీట్లు చాలక మిమ్మల్ని ఎక్కించుకోలేదనుకోండి. గంటలోపు వేరే విమానం ఎక్కించకపోతే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమాల ప్రకారం పరిహారం ఇవ్వాలి. 24 గంటల్లోపు పంపిస్తే ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపినదానికి రెండింతలు, గరిష్ఠం 10,000 రూపాయలు. అంతకన్నా ఆలస్యమైతే నాలుగింతలు, గరిష్ఠం 20,000. పొగమంచు వంటి కారణాలకి పరిహారం రాదు గానీ, విమానం రద్దయితే ఇంకో విమానంలో సీటో డబ్బు వాపసో కోరుకునే హక్కు అప్పుడూ ఉంటుంది. ఇది తెలియక, కౌంటర్ దగ్గర బతిమాలుకునే పెద్దవాళ్లని చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఇవి అడిగి తీసుకోవాల్సినవి.

లాంజ్ గురించి అందరూ ఎక్కువగా మాట్లాడతారు. దాని విలువే అన్నిటికన్నా వేగంగా తగ్గింది. మన దేశంలో ఓ మాదిరి క్రెడిట్ కార్డు ఉన్నా లాంజ్‌లోకి వెళ్లొచ్చు. ఇప్పుడు చాలా బ్యాంకులు మూడు నెలల్లో ఇంత ఖర్చు చేస్తేనే అని షరతు పెట్టాయి. అయినా సాయంత్రం వేళ లాంజ్ బయట వరస చూస్తే ఎంతమందికి ఆ వీలుందో అర్థమవుతుంది. బెంగళూరు వెళ్లడానికి గాల్లో ఉండేది గంటే. పొద్దుటి ఆరు గంటల విమానానికి లాంజ్‌లో కూర్చునే తీరికా ఉండదు. దుబాయ్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో అయిదారు గంటలు ఆగాల్సినప్పుడు మాత్రం లాంజ్ నిజంగా ఉపయోగం: స్నానం, వేడి భోజనం, కాళ్లు చాపుకునే చోటు. స్టార్ అలయన్స్ గోల్డ్ అయితే అదే విమానంలో వచ్చే ఇంకొకరిని కూడా తీసుకెళ్లొచ్చు. అమెరికాలో ఉండేవాళ్లు ఒక మెలిక తెలుసుకోవాలి. యునైటెడ్ సొంత గోల్డ్ సభ్యుడికి అమెరికా లోపలి ప్రయాణాల్లో యునైటెడ్ లాంజ్ ప్రవేశం లేదు. అదే విమానానికి ఎయిర్ ఇండియా గోల్డ్ కార్డు చూపించినవాళ్లకి ఉంది! యునైటెడ్‌లో తిరుగుతూ ఏ క్లబ్బు నంబరు వేయించుకోవాలో తేల్చుకునేవాళ్లకి ఈ ఒక్క నియమమే చాలా తేడా తెస్తుంది.

వరసలు తప్పించుకోవడానికైతే స్టేటస్ అక్కర్లేదు. 2022 డిసెంబరులో మొదలైన డిజియాత్ర ఉచితం. మొహం చూపించి లోపలికి వెళ్లిపోవచ్చు. విదేశాలకి తరచూ వెళ్లే భారతీయులకి, విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నవాళ్లకి కేంద్రం ఇమిగ్రేషన్‌లో ప్రత్యేక గేట్లు పెట్టింది. 2025 జనవరి నుంచి హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. నడవలేని పెద్దవాళ్లకి వీల్‌చెయిర్ టికెట్ కొనేటప్పుడే అడిగితే ఇస్తారు, కొడుకు ప్లాటినం అయినా కాకపోయినా.

అప్‌గ్రేడ్ మీద ఆశ పెట్టుకోకండి. ఖాళీ బిజినెస్ సీటు ఇప్పుడు చాలాచోట్ల ఊరికే ఇవ్వరు, బయల్దేరే ముందు రోజు ఎవరికో ఒకరికి తక్కువ ధరకి అమ్మేస్తారు. వస్తే సంతోషం. లెక్కలో మాత్రం సున్నా వేయండి.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. ఒక్కో సౌకర్యానికి ఎదురుగా ఒకే ప్రశ్న: ఇది కార్డు ఇవ్వకపోతే నా జేబులోంచి డబ్బు పెట్టి కొనుక్కునేవాణ్ణా? కొనేవాళ్లయితే ఆ డబ్బు రాయండి, లేకపోతే సున్నా. ఉదాహరణకి హైదరాబాద్ నుంచి వారంవారం ముంబై వెళ్లే ఒక కన్సల్టెంట్, ఏడాదికి 80 విమానాలు అనుకుందాం. చేతిసంచీతోనే తిరుగుతాడు కాబట్టి లగేజీ సున్నా. లాంజ్ బ్యాంకు కార్డు మీదే ఉంది, అదీ సున్నా. ముందు వరస సీటుకి 400 చొప్పున తనే కట్టుకునేవాడైతే 32,000. చెడిపోయిన రోజుల్లో సాయానికి మీకు తోచినంత వేయండి, పది వేలో ఇరవై వేలో. ఇప్పుడు రెండో వైపు. అదే సంస్థని పట్టుకుని ఉండటానికి ఒక్కో టికెట్‌కి వెయ్యి ఎక్కువ పెడితే 80,000. ఈ రెండో అంకె ఎవరూ రాయరు, ఎందుకంటే అది ఎక్కడా ఒకచోట బిల్లుగా కనిపించదు.

ఆ వెయ్యి కంపెనీది కదా అంటారు. ఇక్కడ నేను గట్టిగానే చెబుతాను: కంపెనీ డబ్బుతో ఎక్కువ ధర టికెట్ కొని, దానివల్ల వచ్చిన స్టేటస్‌తో సొంత విహారయాత్రకి వెళ్లడం సరైన పని కాదు. ధర, వేళ రెండూ దగ్గరగా ఉన్నప్పుడు మీకు నచ్చిన సంస్థని ఎంచుకోండి, ఎవరూ తప్పుపట్టరు. రెండు గంటలు ఆలస్యంగా ఇల్లు చేర్చే విమానాన్ని పాయింట్ల కోసం ఎంచుకున్నారంటే మాత్రం, ఆ రెండు గంటలూ కంపెనీవి కావు, మీ ఇంట్లోవాళ్లవి.

కాగితం మీద అంకెలు వేసేటప్పుడు గడిచిన ఏడాది ప్రయాణాలు చూడకండి, రాబోయే ఏడాదివి చూడండి. ఈ ఏడాది తిరిగి సంపాదించిన స్టేటస్ పనికొచ్చేది ఎక్కువగా వచ్చే ఏడాదే. ప్రాజెక్టు మార్చిలో అయిపోతుందా? ఇంట్లో బిడ్డ పుట్టబోతోందా? పెద్దబ్బాయి పదో తరగతిలోకి వస్తున్నాడా? అలాంటప్పుడు డిసెంబరులో అష్టకష్టాలు పడి తెచ్చుకున్న గోల్డ్ పర్సులోనే ఉండిపోతుంది. విమాన సంస్థలు కూడా శాశ్వతం కావు. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది, కింగ్ క్లబ్ మైళ్లు దాంతోపాటే పోయాయి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో నిలిచిపోయింది. క్లబ్బుని నడిపింది వేరే కంపెనీ కాబట్టి పాయింట్లు ఇంటర్‌మైల్స్ పేరుతో బతికాయి గానీ, ప్లాటినం కార్డు చూపించడానికి విమానమే లేకుండా పోయింది. విస్తారా సభ్యులు కాస్త అదృష్టవంతులు: 2024 నవంబరులో విలీనమైనప్పుడు ఎయిర్ ఇండియా మహారాజా క్లబ్‌లోకి వెళ్లారు.

వెంటపడటం సబబైన సందర్భాలు కొన్ని ఉన్నాయన్నాను. జనవరిలో ఎలాగూ చేయాల్సిన ప్రయాణాన్ని డిసెంబరుకి జరిపితే మెట్టు ఎక్కుతామంటే జరపండి, అందులో ఖర్చేమీ లేదు. వచ్చే ఏడాది దూర ప్రయాణాలు ఖాయంగా ఉన్నాయని ముందే తెలిస్తే, కొద్దిపాటి లోటు పూడ్చుకోవడం దండగ కాదు. యునైటెడ్‌లో పది లక్షల మైళ్ల దగ్గరికి వచ్చినవాళ్లది వేరే సంగతి. అక్కడ జీవితాంతం గోల్డ్ వస్తుంది, ఇంట్లో ఇంకొకరికి కూడా అదే స్థాయి ఇస్తారు.

ఇవేవీ కానివాళ్లు నంబర్ల విషయంలో జాగ్రత్తగా ఉంటే చాలు. హైదరాబాద్ నుంచి ఎయిర్ ఇండియా, సింగపూర్, లుఫ్తాన్సా ఏది ఎక్కినా స్టార్ అలయన్స్‌లో ఒకే నంబరు వేయించుకోండి. ఖతార్ ఎయిర్‌వేస్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఎక్కేవాళ్లు వన్‌వరల్డ్ కూటమిలో ఒకటి పెట్టుకోండి. భాగస్వామి సంస్థ విమానం ఎక్కినప్పుడు ఎన్ని పాయింట్లు వస్తాయన్నది టికెట్ మీద ఉండే ఒక అక్షరం మీద ఆధారపడుతుంది, కొన్ని చవక టికెట్లకి అసలు రావు. కొనకముందే క్లబ్బు పట్టికలో ఆ అక్షరం చూసుకోండి. పాయింట్లు ఖాతాలో పడేదాకా బోర్డింగ్ పాసు పారేయకండి. స్టేటస్ ఒక మెట్టు దిగినా కంగారు పడకండి, మీ కార్డు చూసి పోటీ సంస్థలు అదే స్థాయిని కొన్ని నెలలకి ఇచ్చే సందర్భాలు ఉంటాయి. దాన్ని చాలాచోట్ల ఒక్కసారి ఇచ్చాక మళ్లీ కొన్నేళ్ల దాకా ఇవ్వరు కాబట్టి, పెద్ద ప్రయాణం టికెట్లు చేతికొచ్చాకే అడగండి.